కడలిని నమ్మిన వంశము

మీసము దువ్వి మురియువానిని చూచి, రొయ్యకు లేవా బారెడు మీసాలని మన పల్లెలలో పెద్దలు అనుచుందురు. అందఱును శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమైనవను సామెతయు మనవారికి కంఠస్థమే. ఈ రెండింటియందును రొయ్య ఒక అల్పప్రాణిగ, బారెడు మీసము తప్ప మఱి యే ఘనతయు లేనిదిగ, బుట్టలోనుండి దాకలోనికి పోవుటకే పుట్టినదిగ కానవచ్చును. గోదావరి మొగల ప్రాంతమున పెరిగి, చింతచిగురుతో వండిన రొయ్యపొట్టు రుచి నెఱిగి, ఎండురొయ్యల వాసనను బట్టియే సంతవీథిని గుర్తించిన నేనును చాలకాలము అట్లే తలంచితిని. ఆ మీసము హిమాలయములకన్న ప్రాచీనమైనదనియు, దక్కను పీఠభూమిపై నల్లరాతి లావా పొరలు పఱచుకొనుటకు కోట్లకొలది యేండ్లకు ముందే అది సముద్రజలములయందు ఆడుచుండెననియు తెలిసిననాడు, ఆ సామెతలు చెప్పని పూర్వచరిత్రను ఎవరైన చెప్పవలెనని నాకు తోచినది. మన తీరమున ఇన్నివేల కుటుంబములకు అన్నము పెట్టిన వంశమునకు ఆ మాత్రపు ఋణము తీర్చుట న్యాయము.

రొయ్య యని మనము ఏకనామముతో పిలుచునవన్నియు ఒక్క వంశమునకు చెందినవి కావు. ప్రొద్దుననే రేవులో గంపలు దించు వేళ, ఒక సముద్రపు టైగర్ రొయ్యను, ఒక గోదావరి నీలకంఠ రొయ్యను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఈ భేదము కంటికే గోచరించును. టైగరు ఒడలిపై నల్లని, లేతవన్నె పట్టెలు అడ్డముగ నుండును. నెత్తిమీద ఱంపమువంటి కొమ్ము ముందునకు సాగియుండి, దానికి పైన ఏడెనిమిది పండ్లును, క్రింద మూడు పండ్లును కలవు. ముందరి మూడు జతల కాళ్ళ కొనలయందును చిన్న పట్టుకాఱులున్నవి. నీలకంఠమునకు రెండు జతలకే పట్టుకాఱులు. అందు రెండవ జత నీలముగ, ఒడలికన్నను పొడవుగ పెరిగి దానికి ఆ పేరు తెచ్చినది. ఇక వ్రేలితో తోకవైపు రెండవ కణుపు ప్రక్కపెంకును తడిమినచో, నీలకంఠమున అది ముందరి కణుపును, వెనుక కణుపును రెండింటిని కప్పి పైకి వచ్చును. టైగరున అట్లుగాక, ఇంటికప్పు పెంకులవలె ముందుది వెనుకదానిని వరుసగ కప్పుకొని పోవును. టైగరును, తెల్లరొయ్యను, చెరువులలో నేడు పెంచు వెనామీని కలుపుకొనిన సముద్రపు రొయ్యల కుటుంబమునకు శాస్త్రజ్ఞులు పీనియిడే యని పేరిడిరి. దానియందు జీవించియున్న జాతులే రెండువందలకు పైగా కలవు.

పెంకుల వరుసకన్న గొప్ప భేదము తల్లితనమున నున్నది. నీలకంఠపు తల్లి తన గ్రుడ్లను పొట్టక్రింది ఈతకాళ్ళకు అంటించుకొని, పిల్లలు వెడలునంతవఱకు మోసికొని తిరుగును; పీతయు, ఎండ్రకాయయు అట్లే చేయును. పీనియిడే వంశపు తల్లి గ్రుడ్లను మోయదు. చీకటివేళ, తీరమునకు దూరముగ, లోతునీటిలో ఈదుచు, లక్షలకొలది గ్రుడ్లను కడలిలోనికి వదలివేయును. మగరొయ్య ముందుగనే యిచ్చిన బీజమును అంతవఱకు తనయందు దాచుకొని, ఆ గ్రుడ్లతోపాటు విడుచును. పిదప వానివంక తిరిగి చూడదు. అలలే వానికి ఊయల, ఉప్పునీరే వానికి పొత్తిగుడ్డ. ఈ వంశమునకును, దీని జ్ఞాతులకును మొప్పలు చెట్టుకొమ్మలవలె శాఖోపశాఖలుగ చీలియుండుటచే, ఛాలెంజర్ నౌక 1872 మొదలు 1876 వఱకు లోకసముద్రములు చుట్టి తెచ్చిన రొయ్యలను పరిశీలించిన స్పెన్స్ బేట్ అను ఆంగ్లేయ పండితుడు, 1888లో వీనినన్నిటిని శాఖారూపపు మొప్పలు గల గణముగ వేఱుచేసెను. కాని మొప్పలు చూడనక్కఱలేదు. గ్రుడ్లను కడలికి అప్పగించు ఈ నమ్మకమే ఆ గణమునకు ముఖ్యలక్షణమని నా మనవి. ఈ చరిత్రయంతయు ఆ నమ్మకమునే అనుసరించి నడచినది.

ఈ వంశమునకు శాస్త్రలోకమున నామకరణము జరిగిన కథలో మన కోరమండల తీరమునకు పెద్ద భాగము కలదు. పదునెనిమిదవ శతాబ్ది కడపట తరంగంబాడి డేనిష్ వారి స్థావరముగ నుండెను. అచ్చట కొలువున్న డాల్డార్ఫ్ అను సైనికోద్యోగి, యెండ్రకాయలను, రొయ్యలను, పురుగులను సేకరించి ఐరోపాకు పంపుచుండెను. లిన్నేయసునకు శిష్యుడును, కీల్ నగరమున ఆచార్యుడును అగు ఫాబ్రీషియస్, 1798లో ప్రకటించిన గ్రంథమున ఆ సేకరణలయందలి జాతులను వర్ణించుచు, పీనియస్ అను ప్రజాతిని స్థాపించి, అందొకదానికి మోనోడాన్ అని పేరిడెను. మన టైగర్ రొయ్యకు నాటినుండి అదే పేరు. ఆయన వర్ణన క్లుప్తమగుటచే, అది ఏ రొయ్యకు చెందునో తెలియక పండితులు నూఱేండ్లకు పైగా తికమకపడి, దానిని పోలిన మఱియొక జాతికి ఆ పేరును, దీనికి వేఱొక పేరును తగిలించుచు వచ్చిరి. తుదకు 1949లో హోల్తుయిస్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ వివాదమును పరిష్కరించెను. మన తెల్లరొయ్యకు 1837లో మిల్న్ ఎడ్వర్డ్స్ అను ఫ్రెంచి పండితుడు ఇండికస్ అను పేరు పెట్టినపుడు, దాని నివాసము కోరమండల తీరమనియే వ్రాసెను.

కుటుంబమునకు పేరు పెట్టిన రాఫినెస్క్ కథ మఱింత చిత్రమైనది. కాన్‌స్టాంటినోపిల్ నగరపు శివారున పుట్టి, సిసిలీ ద్వీపమున పదియేండ్లు నివసించిన ఆ మహామేధావి, 1815లో పలెర్మో నగరమున ప్రకటించిన చిన్న గ్రంథమున ఈ కుటుంబమును మొదటిసారి పేర్కొనెను. ఆ యేడే అమెరికాకు బయలుదేరగా, తీరము కనుచూపుమేర నున్నదనగా నౌక మునిగి, ఆయన జీవితకాలమున కూడబెట్టిన గ్రంథములును, సేకరణలును సముద్రగర్భమున కలిసిపోయినవి. రొయ్యల వంశమునకు పేరు పెట్టినవాని సర్వస్వమును రొయ్యల యిల్లే మ్రింగెను. పేరు మాత్రము నిలిచినది.

బ్రతికియున్న రొయ్యలకు పేర్లు పెట్టుచున్న ఆ దినములలోనే, చనిపోయిన రొయ్యలు రాళ్ళనుండి బయటపడుచుండెను. జర్మనీ దేశపు బవేరియా సీమలో జోల్న్‌హోఫెన్ అను గ్రామము కలదు. అచ్చటి సున్నపురాయి పలకలు పలకలుగ, పుస్తకపు పుటలవలె విడిపోవును. ముద్రణకు రాతిపలకలను వాడు శిలాముద్రణవిద్య 1796 ప్రాంతమున జెనెఫెల్డర్ చేతులలో పుట్టినపిమ్మట ఆ రాతికి లోకమంతట గిరాకి కలిగెను. గనిపనివారు పలకను పలకనుండి విడదీయునపుడు, నడుమ ఒక్కొక్కతఱి రొయ్య పడుకొనియుండెడిది. సుమారు 15 కోట్ల యేండ్లకు పూర్వము అచ్చట వెచ్చని ఉప్పునీటి మడుగులుండెను. అడుగున ప్రాణవాయువు లేని ఆ నీటిలో చచ్చి దిగిన ప్రాణిని కుళ్ళించు క్రిములును, పీక్కొనితిను జంతువులును అరుదగుటచే, మెత్తని సున్నపుబురద దానిని కప్పి, క్రమముగ రాయిగ మార్చినది. రొయ్యపెంకు పీతపెంకువలె గట్టిది కాదు. పలుచనిది, నీటిలో త్వరగ చివికిపోవునది. అందువలన రొయ్య శిల యగుట మిక్కిలి అరుదు. అట్టి పెంకు, అట్టి కాళ్ళు, అంతకన్న సన్నని మీసములు సైతము ఈ రాళ్ళమీద కలముతో గీసినట్లు నిలిచియున్నవి. పసుపుపచ్చని పలకపై ముదురుగోధుమవన్నెలో వెన్ను వంచి, కొమ్ము చాచి, మీసములు వెనుకకు విడిచి పరున్న ఆ రొయ్య చిత్రమును మన జాలరి యెవనికైన చూపినచో, రొయ్యయనియే చెప్పును, రాయి యని చెప్పడు.

ఈ శిలారొయ్యలను సేకరించి 1839లో గ్రంథస్థము చేసినవాడు మ్యూన్‌స్టర్ అను జమీందారు. ఆయన వానికి పెట్టిన పేర్లు నాకు ఎంతయో ప్రీతిపాత్రములు. ఉత్తర ఐరోపా పురాణములలో ఏగిర్ అను సముద్రదేవుడును, వానికి అలలే యగు తొమ్మండ్రు కుమార్తెలును కలరు. మ్యూన్‌స్టర్ ఒక రొయ్యకు ఏగెర్ అని తండ్రిపేరు పెట్టి, మఱి రెండింటికి బిల్గియా, కోల్గా యని ఆ కన్యల పేర్లనే పెట్టెను. గ్రుడ్లను అలల కప్పగించు వంశమునకు అలల పేర్లే దక్కినవి! వీనిలో ఏగెర్ మన రొయ్యలకు దాయాది. దాని నోటికడ కాళ్ళు ముండ్లతో నిండి, మిక్కిలి పొడవుగ ముందునకు చాచియుండును. ఆ లక్షణమును బట్టి దానిని వేఱొక కుటుంబమున చేర్చిరి. ఆ కుటుంబమంతయు నేడు అంతరించినది. అదే రాళ్ళలో దొరకు ఆంట్రింపస్ అను రొయ్య మాత్రము నేటి పీనియిడే కుటుంబమునకే చెందినదిగ పరిగణింపబడుచు, మన తెల్లరొయ్యకు ముత్తాతవలె నుండును. దాయాది పోయెను, ఇంటివాడు మిగిలెను. ఏల యట్లు జరిగెనో రాయి చెప్పదు.

తరువాతి యుగముల సాక్ష్యము లెబనాన్ కొండలలో నున్నది. అచ్చటి హాకెల్, హజూలా గ్రామముల సున్నపురాళ్ళు సుమారు 9.5 కోట్ల యేండ్లనాటివి. వానిలో చేపలతోపాటు రొయ్యలును విస్తారముగ దొరకుచుండగా, అందు కార్పోపీనియస్ అను రొయ్య మఱియొక అంతరించిన కుటుంబమునకు ఏకైక ప్రతినిధిగ నిలిచినది. పూర్వయుగములవైపు పోయినచో, మడగాస్కరు ఉత్తరభాగమున అంబిలోబే ప్రాంతమున సుమారు 25 కోట్ల యేండ్లనాటి రొయ్యలు కలవు. ఆ కాలమున మడగాస్కరు మన ద్వీపకల్పమునకు ప్రక్కనే, ఒకే మహాఖండమున అంటియుండెను; నేడు నడుమ నున్న మహాసముద్రము అప్పటికి పుట్టనే లేదు. చాలకాలము ఈ మడగాస్కరు రొయ్యలే వంశమున కెల్ల పెద్దలని తలంపబడుచుండెను. 2010లో ఫెల్డ్‌మన్, ష్వైట్జర్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున దొరకిన ఒక రొయ్యశిలను వర్ణించిరి. అది సుమారు 36 కోట్ల యేండ్లనాటిది. దానియందు పెంకేకాక, తోకభాగపు కండరముల పోగులు సైతము నిలిచియుండెను. మనము ఒలిచి వండుకొను రొయ్యకండ యేదియో, ఆ కండయే రాయిగ మారి, భూమిపై పక్షియు, పువ్వును పుట్టుటకు ఎంతయో ముందటి కాలమునుండి మనకు చేరినది! దానికి అసిక్యులోపోడా యని పేరిడి, శాఖారూపపు మొప్పల గణమునందే వేఱొక కుటుంబముగ నిలిపిరి. ఒక్క దెబ్బతో వంశవృక్షపు వేరు పదికోట్ల యేండ్లకు పైగా లోతునకు దిగినది.

బ్రతికియున్న జ్ఞాతుల సంగతి యింక చెప్పవలెను. చీకటి లోతులలో, ఎండపొడ సోకని నీటిలో, నిప్పుకణమువలె ఎఱ్ఱగ నుండు అరిస్టీడే కుటుంబమొకటి. సొలెనోసెరా మొదలగునవి బురదలో పూడుకొనియుండి, తమ చిన్న మీసములను జతచేసి గొట్టముగ మలచి, దానిగుండ పైనీటిని పీల్చుకొని ఊపిరి తీయును. మీసమును ఎగతాళి చేసిన మన సామెతకు వీనికన్న మంచి సమాధానము లేదు. రాతివలె గట్టి పెంకు గల సిసియోనియా లొక కుటుంబము. ఇక మన యింటి రొయ్యపొట్టులో కలియు అసీటిస్ అను పొట్టి రొయ్య ఈ గణమునందే మఱియొక శాఖకు చెందినది. దానికి కడపటి రెండు జతల కాళ్ళు లేవు. లూసిఫెర్ అను సూదివంటి రొయ్య మాత్రము వంశాచారమును కొంత సడలించి, తన గ్రుడ్లను కొద్దికాలము కాళ్ళతో పట్టుకొనును. మన సముద్రములలోని లోతురొయ్యలను ఇన్వెస్టిగేటర్ అను సర్వే నౌకపై వైద్యుడుగ, ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ పనిచేసిన ఆల్కాక్ వెలికి తెచ్చెను. కలకత్తా ఇండియన్ మ్యూజియమునకు ఆయన 1906లో సమకూర్చిన పీనియస్ రొయ్యల పట్టిక, ఈ విషయమున మన దేశమునకు మొదటి పెద్దబాలశిక్ష. కేరళతీరపు లోతులలో దొరకు ఎఱ్ఱరొయ్యకు ఆల్కాకీ యని ఆయన పేరే పెట్టిరి.

ఇన్ని తెలిసియు, కడలి కప్పగించిన గ్రుడ్డు ఏమగునో ఎవరికిని తెలియకుండెను. ఆ రహస్యమును ఛేదించినవాడు ఫ్రిట్జ్ మ్యూలర్. జర్మనీ విడిచి 1852లో బ్రెజిల్ చేరి, అడవి నఱికి ఇల్లు కట్టుకొని, పిదప తీరపట్టణమున ఉపాధ్యాయుడుగ జీవించిన ఈయన, సముద్రపునీటిని వడగట్టి సూక్ష్మదర్శినితో పరిశీలించుచుండెను. ఆయనకు మూడు జతల కాళ్ళు, నొసట ఒంటికన్ను గల ఒక అణుమాత్రపు ప్రాణి కానవచ్చినది. నాప్లియస్ అను ఈ రూపము ఓడల అడుగున పట్టు గవ్వపురుగులకును, నీటిపేలకును శైశవముగ అప్పటికే తెలిసియుండెను. రొయ్యకు అట్టి శైశవమున్నట్లు ఎవరును ఎఱుగరు. మ్యూలర్ దశవెంబడి దశను జతపఱచి, ఈ ఒంటికంటి బిడ్డయే క్రమముగ రొయ్య యగునని తేల్చెను. రూపమున ఇంత భిన్నములగు ప్రాణులకు శైశవమొక్కటే యైనచో, వాని మూలపురుషుడును ఒక్కడే కావలెను గదా! డార్విన్ సిద్ధాంతమును గట్టి పఱచుటకు 1864లో ఆయన ప్రకటించిన చిన్న గ్రంథమునకు ఈ రొయ్యపిల్లయే ప్రధానసాక్షి. డార్విన్ దానిని ఆంగ్లమునకు అనువదింపించి 1869లో వెలువఱచెను. రొయ్యగ్రుడ్డు తల్లి పొట్టక్రింద దాగక, కడలిలో విడువబడుటవలననే ఆ ప్రాచీన శైశవము దాని కథలో ఇంకను మిగిలియున్నది.

ఆ బిడ్డ పయనము ఇట్లుండును. గ్రుడ్డు విడిచిన పదిపదునైదు గంటలలో నాప్లియస్ వెడలి, రెండు దినములు తన పచ్చసొనతోనే బ్రతికి, ఆఱుమారులు రూపు మార్చును. పిదప ప్రొటోజోయియా యనబడు దశలో నీటిపాచిని తినుట నేర్చును. తరువాత మైసిస్ దశలో తలక్రిందుగ వ్రేలాడుచు వెనుకకు ఈదును. రెండు వారములు తిరుగకముందే నూలుపోగువంటి రొయ్యపిల్ల యగును. అప్పుడది పోటునీటితోపాటు మొగలలోనికి, ఉప్పుటేళ్ళలోనికి, కోరింగ మడఅడవుల వేళ్ళసందులలోనికి ప్రవేశించి, తీపియు ఉప్పును కలిసిన నీటిలో పెరిగి, వయసు వచ్చినపిమ్మట పాటునీటితో మరల కడలికి పోవును. తల్లి విడిచిన గ్రుడ్డు తల్లి యగుటకు కడలికే తిరిగిపోవలెను. మన తీరపు జాలరులు ఈ రాకపోకలను శాస్త్రముతో పనిలేకయే ఎఱుగుదురు. అమావాస్య, పున్నమల పోటు చూచి మొగలో వల కట్టుట వారికి తాతలనాటి విద్య. కేరళమున పొక్కాలి వరిచేలలోనికి, వంగదేశమున భేరీలనబడు చెరువులలోనికి పోటునీటిని రానిచ్చి, లోపలికి వచ్చిన రొయ్యపిల్లలను కొన్ని నెలలు పెరుగనిచ్చి పట్టుట తరతరముల ఆచారము. ఎండబెట్టిన రొయ్యలు రంగూనునకు, కొలంబోకు, సింగపూరునకు ఓడలెక్కి పోయెడివి.

స్వాతంత్ర్యానంతరము ఆ వర్తకరూపమే మాఱిపోయినది. 1953లో కొచ్చిననుండి గడ్డకట్టించిన రొయ్య అమెరికాకు ప్రయాణమైనది; ఆ యేడే నార్వే వారి సహకారముతో కొల్లము సమీపమున యంత్రపు పడవలు దిగినవి. ఎండురొయ్య పోయి మంచురొయ్య వచ్చెను. బుట్ట పోయి కౌంటు వచ్చెను. కిలోకు ముప్పది తూగినవి ముప్పది కౌంటు, నలుబది తూగినవి నలుబది కౌంటు; ఆ సంఖ్యయే వెల. విశాఖపట్టణపు, కాకినాడ రేవులలో ట్రాలర్లు పెరిగినవి. చేపలకొఱకు సముద్రమునకు పోయెడివారు రొయ్యలకొఱకు పోసాగిరి. 1972లో సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థను కేంద్రప్రభుత్వము నెలకొల్పినది.

ఇంతలో జపానున ఒక నిశ్శబ్దకార్యము జరిగియుండెను. ఫుజినాగా మోటోసాకు అను యువశాస్త్రజ్ఞుడు 1934లో కురుమా రొయ్య గ్రుడ్లను ప్రయోగశాలలో పొదిగించెను. వెన్ను వంచినపుడు దాని పట్టెలు బండిచక్రపు ఆకులవలె కానవచ్చుటచే జపానువారు దానిని కురుమా, అనగా చక్రము, అని పిలుతురు. పిల్లలు నాప్లియస్ దశ దాటగానే ఆకలితో చచ్చుచుండగా, స్కెలెటోనీమా యను సూక్ష్మమగు నీటిపాచిని పెంచి, అది పెట్టి వానిని బ్రతికించెను. ఏండ్లతరబడి సాగిన ఆ కృషిని 1942లో ప్రకటించిన పిమ్మట, యుద్ధానంతరము పాడుపడిన ఉప్పుమళ్ళలో పెంపకము మొదలిడెను. ఆయన శిష్యుడు లియావో 1968లో తైవానున టైగర్ రొయ్యను పొదిగించెను. తల్లి కడలికి అప్పగించిన బిడ్డను మనుష్యుడు తొలిసారి తన చేతులలోనికి తీసికొనెను. తైవాను చెరువులు కనకవర్షము కురిసినవి. 1988లో రోగము సోకి ఆ వర్షము ఆగిపోయినది.

ఆ పాఠము వినుటకు మనకు తీరిక లేకపోయినది. విశాఖపట్టణము చెంత మంగమారిపేటలో రొయ్యగ్రుడ్లను పొదిగించు హేచరీ వెలసినది మొదలు, నెల్లూరు కండలేరు ప్రాంతమునను, గోదావరి కృష్ణా జిల్లాల పర్ర భూములలోను చెరువులు త్రవ్వుట ఉద్యమమైనది. తొలిరోజులలో హేచరీ సీడు చాలక, ఉప్పుటేళ్ళలో స్త్రీలును, పిల్లలును నడుములోతు నీటిలో సన్నవలలు త్రిప్పి రొయ్యపిల్లలను ఏరి అమ్మెడివారు. టైగరు పిల్లను ఏరి తక్కిన చేపపిల్లలను, పీతపిల్లలను గట్టుమీద పాఱవేయగా, అవి ఎండకు చచ్చెడివి. వరి పండిన చేలు ఉప్పునీటి చెరువులైనవి. ఒక్క పంటతో అప్పులు తీర్చుకొని మేడలు కట్టినవారు కలరు. మఱుపంటలో ఆ మేడలనే తాకట్టు పెట్టినవారును కలరు. 1994లో తెల్లమచ్చ రోగము వచ్చినది. నిన్నటిదాక మేతకు ఎగబడుచున్న రొయ్యలు గట్టువారకు చేరి నిలిచిపోవును. పెంకు తీసి వెలుతురున పట్టినచో ఆవగింజవంటి తెల్లచుక్కలు కానవచ్చును. వారము పదిదినములలో చెరువంతయు ఖాళీ. ఆ రోగమును తెచ్చు వైరసుకు మందు నేటికిని లేదు.

త్రాగునీటి బావులు ఉప్పుబాఱినవనియు, జాలరులకు సముద్రపు దారులు మూసికొనిపోయినవనియు తీరగ్రామములనుండి మొఱలు లేచెను. తమిళనాట సర్వోదయనాయకుడగు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పుచు, తీరనియంత్రణ మండలమున సంప్రదాయపద్ధతులు తప్ప తక్కిన రొయ్యల చెరువులను నిషేధించినది. చిలక, పులికాటు సరస్సులకు 1,000 మీటర్లలోపల చెరువులుండరాదన్నది. తరువాత 2005లో పార్లమెంటు తీరప్రాంత జలచరముల పెంపకమునకు ప్రత్యేకచట్టము చేసెను. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించినది. ఇది పసిఫిక్ సముద్రపు అమెరికా తీరమునకు చెందినది; 1931లో పనామా తీరపు నమూనాలను బట్టి బూన్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని వర్ణించెను. రోగరహితముగ తరతరములు ట్యాంకులలో పెంచబడిన తల్లులు విమానమెక్కి వచ్చి, చెన్నపట్టణపు క్వారంటైనులో పరీక్షింపబడి, మన హేచరీలకు చేరినవి. కోరమండలపు చెరువులలో నేడు కోరమండలపు రొయ్య అరుదు.

వెనామీకి పూర్వపు ఆ టైగరు దినములలో నేను చూచిన ఒక దృశ్యము నా కన్నులయందు నిలిచియున్నది. వేకువజామున ట్రాలరు రేవు చేరగానే, టన్నులకొలది సరకును ప్రక్కకు నెట్టి, ఒక ముదుసలి సరంగు గాలిగొట్టము పెట్టిన డ్రమ్మును రెండుచేతులతో దించెను. దానిలో ఒకే ఒక తల్లిరొయ్య యుండెను. జానెడుకు మించిన ఆ రొయ్య వెన్నుగుండ, పెంకులోపల గ్రుడ్లతిత్తి పచ్చగ, ముదురుగ కానవచ్చుచుండెను. హేచరీవారు దానికై అప్పటికే వచ్చి నిలిచియుండిరి. కొన్ని బుట్టల రొయ్య వెలను ఆ ఒక్కదానికి చెల్లించిరి. గ్రుడ్లు త్వరగ పండని తల్లులకు హేచరీలలో ఒక కంటికాడను నొక్కి తీసివేయుదురు. గ్రుడ్ల పెరుగుదలను అణచు రసము ఆ కాడలోనే ఊరును. ఆ తల్లి తన రెండు కన్నులతోనే ఉండెను. మీసములు డ్రమ్ము అంచును తడవి, తడవి, మరల నీటిలోనికి దిగుచుండెను. మేత మనది, చెరువు మనది, ఏరేటరు మనది, అప్పు మనది. తల్లిని మాత్రము కడలి నడిగి తెచ్చుకొనవలసి వచ్చినది.

36 కోట్ల యేండ్లుగ ఈ వంశము తన గ్రుడ్లను కడలికి అప్పగించుచు వచ్చినది. ఏగెర్ పోయినను, కార్పోపీనియస్ పోయినను, ఖండములు విడిపోయి కొండలు లేచినను, ఆ నమ్మకము వమ్ము కాలేదు. ఇపుడు ఆ నమ్మకములో మనమును భాగస్థులము. మొగ పూడినచో, మడచెట్టు నఱికినచో, చెరువుల మురుగు ఉప్పుటేటిలోనికి వదలినచో, పోటుతో వచ్చు నూలుపోగువంటి బిడ్డకు ఇల్లుండదు. ఇల్లు లేనిచో కడలికి తిరిగిపోవు తల్లియు ఉండదు. ఈ మాట వ్రాయుచుండగా ఆ ముదుసలి సరంగు చేయి నాకు కన్నులకు కట్టినట్లున్నది. తల్లిని హేచరీవారి కప్పగించిన పిమ్మట, ఆయన డ్రమ్మున మిగిలిన ఉప్పునీటిని రేవు గట్టుమీద పాఱబోయక, నడచి అంచుదాక పోయి, మెల్లగ కడలిలోనే వంపెను.